పాట వెంట వచ్చే అక్షరాలు

నోయిడా నుండి ఢిల్లీకి వచ్చే రహదారిపై, సాయంకాలపు రద్దీలో కారు నత్తనడక నడుస్తోంది. కొడుకు పక్కన కూర్చున్న వృద్ధుడిది దివిసీమ. రామకృష్ణపురం ప్రభుత్వ క్వార్టర్లలో ముప్పై ఏళ్లు కాపురముండి పదవీ విరమణ చేసినవాడు. 1977 నవంబరు 19న ఉప్పెన సొంత ఊరి వైపు విరుచుకుపడినప్పుడు, ఆయన ఇక్కడ రేడియోకు చెవి ఆనించి రాత్రులు గడిపాడు. ఇప్పుడు ఆ చెవులే మొరాయించాయి. వినికిడి యంత్రం పెట్టుకుంటే హారన్ల మోతే తప్ప మాట తెలియదు. కారులో రేడియో మోగుతున్నా ఆయనకు కిటికీ అవతలి లోకమే కాలక్షేపం.

ఆనాడు ఆయన చూపు రేడియో తెరపై పడింది. స్టేషను పేరు, దాని వెంట పాట పేరు ఇంగ్లీషు అక్షరాలలో కదలిపోతున్నాయి.

“ఇవి ఎక్కడి నుండి వస్తున్నాయిరా? ఇంటర్నెట్టా?”

“కాదు నాన్నగారూ, పాటతో పాటే గాలిలో వస్తున్నాయి” అన్నాడు కొడుకు, ఆయన చెవి దగ్గరకు వంగి. ట్రాఫిక్ కదిలే సూచన లేదు. సెల్‌ఫోను తెరపై గీతలు గీసి చూపసాగాడు.

ఎఫ్.ఎం. ప్రసారం ఒకే తీగ మీద సాగే సంగీతం కాదు. వినిపించే ధ్వని 15 కిలోహెర్ట్జ్‌ల లోపలే ముగుస్తుంది. 19 వద్ద స్టీరియోకు ఆనవాలుగా ఒక సన్నని స్వరం. 23 నుండి 53 దాకా ఎడమ, కుడి ధ్వనుల తేడా. ఆపైన 57 కిలోహెర్ట్జ్‌ల వద్ద, అంటే 19కి సరిగ్గా మూడు రెట్ల చోట, ఈ అక్షరాలు ప్రయాణిస్తాయి. మానవుడి చెవి 20 దాటి వినలేదు గనుక అవి పాటకు అడ్డురావు. వేగం సెకనుకు 1187.5 బిట్లు మాత్రమే. నేటి లెక్కన ఎద్దుబండి నడక. అందులోనూ ప్రతి 104 బిట్లలో 40 తప్పులు పట్టుకొనేందుకే పోతాయి. స్టేషను పేరుకు ఎనిమిది అక్షరాలు, సందేశానికి 64, అంతే చోటు. యూరోపియన్ బ్రాడ్‌కాస్టింగ్ యూనియన్ 1984లో ఈ ఆర్.డి.ఎస్. పద్ధతిని ఖరారు చేసినప్పుడు దాని దృష్టి ప్రధానంగా కారు ప్రయాణికుల మీద ఉంది. ఊరు మారితే అదే కార్యక్రమం ఏ ఫ్రీక్వెన్సీపై దొరుకుతుందో సెట్టుకు చెప్పడం దాని పనులలో ఒకటి. ప్రమాద హెచ్చరికకూ ఒక సంకేతం కేటాయించారు: 31వ సంఖ్య. పాటల పేర్లకూ వ్యాపార ప్రకటనలకూ ఈ దారిని వాడుకొనేవారికి ఆ సంఖ్య గుర్తుంటుందా అన్నది వేరే మాట.

వృద్ధుడు అక్కడే ఆగాడు. “అంటే తుపాను వస్తోందని నాబోటి చెవిటివాడికి కూడా తెలుస్తుందన్నమాట. తెలుగులో వస్తుందా?”

కొడుకు కాసేపు మాట్లాడలేదు. ఆ పాత పద్ధతి అక్షర పట్టికలలో లాటిన్, గ్రీకు, రష్యన్, అరబిక్, హీబ్రూ లిపులకు చోటు దొరికింది. భారతీయ లిపులకు దొరకలేదు.

కొత్త దారి లేకపోలేదు. 2021లో ఆకాశవాణి ఢిల్లీ, జయపూర్‌లలో ఎఫ్.ఎం. పట్టీపైనే డి.ఆర్.ఎం. అనే డిజిటల్ ప్రసారాన్ని పరీక్షించింది. ఇందులో అక్షరాలు యూనికోడ్‌లో వెళతాయి గనుక తెలుగుకు అడ్డు లేదు. అత్యవసర హెచ్చరికలకు ప్రత్యేక ఏర్పాటు కూడా ఉంది. 2025 అక్టోబరులో ట్రాయ్, ఢిల్లీ, హైదరాబాదు సహా 13 నగరాలలో ప్రైవేటు స్టేషన్ల డిజిటల్ ప్రసారాలకు సిఫారసు చేసింది. ఒకే ఫ్రీక్వెన్సీపై ఇప్పటి ఎఫ్.ఎం.తో పాటు మూడు డిజిటల్ చానళ్లు, ఒక డేటా చానలు ఇమడవచ్చునట. అయితే అది సిఫారసు. పైగా వినేవారికి కొత్త సెట్టు కావాలి.

“కొందాంలే, రానీ” అన్నాడు వృద్ధుడు.

ముందున్న బస్సు కదిలింది. ఆయన కళ్లద్దాలు సవరించుకొని తెరపై పాట పేరు కూడబలుక్కున్నాడు. పాత హిందీ పాట. పెళ్లైన కొత్తలో రీగల్ టాకీసులో భార్యతో చూసిన సినిమాలోది. వేళ్లు మోకాలిపై తాళం వేయసాగాయి. ఆ తాళం రేడియోలోని పాటతో కలవడం లేదు. కొడుకు ఏమీ అనక గేరు మార్చాడు.