మన్యం కోరని దారి

నర్సీపట్నం బస్టాండులో సీలేరు బస్సెక్కితే డౌనూరు దాకా పొలాలూ జీడితోటలూ వెంట వస్తాయి. ఆ తర్వాత ఘాట్ మొదలవుతుంది. సుమారు ముప్పై కిలోమీటర్ల ప్రయాణంతో లంబసింగి చేరేసరికి చెవులు గుయ్యిమంటాయి, గాలి మారిపోతుంది. చలికాలంలో మంచు చూడటానికి వచ్చే కార్లతో ఈ మలుపులు నిండిపోతాయి. ఈ దారి ఎవరి చేత వేయించారో ఆ కార్లలో వచ్చేవాళ్లకు తెలియజెప్పే మనిషి ఉంటే బాగుండునని ఎన్నోసార్లు అనుకున్నాను.

నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లికి రోడ్డు వేయాలన్నది తెల్లదొరల అవసరం. అడవిలో కలప ఉంది, శిస్తు ఉంది. 1879లో మొదలైన రంప తిరుగుబాటును అణచడానికి ఎంత కష్టమైందో సర్కారు మరిచిపోలేదు. సిపాయిలు త్వరగా కొండెక్కాలంటే దారి కావాలి. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ ఆ పనికి మన్యం జనాన్ని బలవంతంగా తోలాడు. ఇస్తానన్న కూలి ఇవ్వలేదు, రానన్నవాళ్లను కొట్టించాడు. 1882 మద్రాసు అటవీ చట్టం వల్ల అప్పటికే పోడు కొట్టుకోవడం నేరమైంది. తిండికి ఆధారమైన కొండ చేజారిపోగా, ఆ కొండనే తవ్వి దొరలకు బాట వేయాల్సి వచ్చింది. బట్టిపనుకుల మునసబుగా ఉన్న గాం గంటందొర, అతని తమ్ముడు మల్లుదొర బాస్టియన్ చేతిలో నలిగినవాళ్లే. అల్లూరి సీతారామరాజుకు కుడిభుజాలుగా నిలిచిన ఈ అన్నదమ్ముల కోపానికి ఈ రోడ్డు పని ఒక ముఖ్య కారణం.

1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద దాడి జరిగింది. మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. తీసుకున్న తుపాకులకు రాజు సంతకం చేసి రసీదు రాసి పెట్టిన సంగతి తెలుగువాళ్లందరికీ తెలుసు. నెల తిరిగేసరికి దామనపల్లి ఘాట్‌లో స్కాట్ కవర్డ్, హేటర్ అనే ఇద్దరు తెల్ల అధికారులు నేలకూలారు. మలబార్ పోలీసులు దిగారు. 1924 జనవరిలో అస్సాం రైఫిల్స్ వచ్చింది. మే 7న కొయ్యూరులో రాజును కాల్చి చంపారు. గంటందొర ఆ మరుసటి నెలలోనే పోయాడు. మల్లుదొర జైలు నుంచి బతికి బయటపడి 1952లో లోక్‌సభకు వెళ్లాడు. దారి పనికి తోలిన మనుషుల తరఫున ఢిల్లీలో కూర్చున్న ఒక మనిషి కనీసం ఉన్నాడని నాకు చెప్పలేనంత తృప్తి.

చింతపల్లి ఇప్పుడు పెద్ద సెంటరు. వ్యవసాయ పరిశోధన కేంద్రం ఉంది. సంతరోజున పసుపు, రాజ్‌మా, చింతపండు, అడ్డాకులు దిగుతాయి. రాజమండ్రి వైపు నుంచి పాడేరు, అరకు మీదుగా విజయనగరం వెళ్లే 516ఈ జాతీయ రహదారి ఈ ఊరిని తాకడంతో ఇక్కడిదాకా రోడ్డు బాగుపడింది. ముందుకు ఆర్.వి.నగర్‌లో కాఫీ పరిశోధన కేంద్రం. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ, ఆ చెట్లకే అల్లుకున్న మిరియాల తీగలు. తీత మొదలయ్యాక ఇళ్ల ముందు కళ్లాల్లో గింజలు ఆరబోసి ఉంటాయి. రాజు పేరుతో 2022లో ఏర్పడిన జిల్లాలో గిరిజనుల చేతికి నాలుగు డబ్బులు తెచ్చే పంట ఏదంటే మొదట చెప్పుకోవాల్సింది కాఫీనే.

గూడెం కొత్తవీధి దాటాక అడవి చిక్కబడుతుంది. దారకొండ ఘాట్‌లో దారాలమ్మ గుడి దగ్గర డ్రైవర్లు బండి ఆపి దణ్ణం పెట్టుకోకుండా కదలరు. అక్కడి నుంచి సీలేరు దాకా వానాకాలంలో చరియలు విరిగిపడితే బస్సు ఆగిపోవడమే. రోడ్డు ఇంత లోపలికి పోవడానికి కారణం నీళ్లు. ఎగువ సీలేరులో 240 మెగావాట్లు, డొంకరాయిలో 25, మోతుగూడెం దగ్గర దిగువ సీలేరులో 460. యంత్రాలు మోసుకురావడానికి విద్యుత్ బోర్డుకు దారి అవసరమైంది. కరెంటు మైదానానికి దిగిపోయింది. తర్వాతి దశాబ్దాల్లో పోలీసులకు రోడ్డు కావాల్సి వచ్చింది, మావోయిస్టులు రోడ్డు యంత్రాలను తగలబెట్టారు.

ఇంతమంది అవసరాలు తీర్చిన ఈ రోడ్డుకు పక్కన, వాగు అవతల, గుట్ట మీద ఉన్న ఊళ్లకు బాట లేదు. నొప్పులొచ్చిన ఆడమనిషిని కర్రకు దుప్పటి కట్టిన డోలీలో నలుగురు మోసుకుని తారురోడ్డు మీదికి వస్తారు. అంబులెన్సు అక్కడిదాకానే వస్తుంది. కొన్ని ఊళ్లవాళ్లు చందాలు వేసుకుని, పలుగూ పారా పట్టి తమ బాట తామే తవ్వుకున్నారు. వందేళ్ల కిందట ఇదే మన్యంలో ఇదే పని చేయమంటే తుపాకీ పట్టారు. కొండవాళ్లు అభివృద్ధికి అడ్డమని ఇప్పటికీ అనే అధికారులుంటే ఆ బాటల మీద ఒకసారి నడవాలి. తమ బిడ్డ ఆసుపత్రికి చేరుతుందంటే జీతం లేకుండా కొండను తవ్వే జనం వాళ్లు.

మోతుగూడెం తర్వాత రోడ్డు మెల్లగా దిగుతూ శబరి ఒడ్డున చింతూరు చేరుతుంది. సీలేరు నది కూడా కొంచెం ఎగువన శబరిలోనే కలుస్తుంది, శబరి కూనవరం దగ్గర గోదావరిలో. చింతూరు 2014లో ఖమ్మం జిల్లా నుంచి ఆంధ్రప్రదేశ్‌కు వచ్చింది. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు శబరి ఎగదన్ని ఈ ఊళ్లను ముంచేసింది. పోలవరం నిండితే కొన్ని గ్రామాలు శాశ్వతంగా నీళ్ల కిందికి పోతాయి. ముందు 41.15 మీటర్ల కాంటూరు లెక్కలోకి వచ్చేవాళ్లకు పునరావాసం, 45.72 మీటర్ల దాకా ఉన్నవాళ్లకు తర్వాత అంటున్నారు. వరదొస్తే ఇద్దరి ఇళ్లలోకీ నీళ్లు ఒకేలా వస్తున్నాయి. ఆ గీత తమ గుమ్మానికి ఏ పక్కన పడిందో చెప్పమని చింతూరువాళ్లు ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నారు.