మడి, అంటు

తెలుగుల మడి అనే మాటకు రెండర్థాలున్నయి. ఒకటి నీళ్లు కట్టేది, ఇంకోటి మమ్మల్ని దూరం నిలబెట్టేది. అంటు కూడ అంతే. కొమ్మను కొమ్మకు కట్టి బతికించేదాన్నీ అంటు అంటరు, మనిషిని మనిషి తాకకుండ ఆపేదాన్నీ అంటు అంటరు. తిని పారేసిన గిన్నెలూ అంట్లే. నిఘంటువు రాసినోళ్లకు ఏ అర్థం ముందు యాదికొస్తదో గాని, మా అవ్వకు మాత్రం మట్టిదే ముందొస్తది.

ఈ వానకాలం ఇంటెనక మూడు మళ్లు కట్టాలని పట్టుబట్టింది అవ్వ. డెబ్బై ఏండ్లు దాటిన మనిషి. మూరతోటి నేల కొలిచి, సున్నంతో గీతలు గీసింది. మడి వెడల్పు రెండు మూరలే. ఎందుకవ్వా అంత సన్నగ అంటే, "రెండు దిక్కులకెల్లి చెయ్యి నడిమికి అందాలె. మడిల కాలు పెడితె మట్టి గట్టివడ్తది" అన్నది. ఏ వ్యవసాయ కాలేజీల చదవలేదు అవ్వ. పరాయోళ్ల మళ్లల్ల నలభై ఏండ్లు వంగి నేర్చుకున్నది.

చేవెళ్ల నుంచి మొయినాబాద్ పొయ్యే తొవ్వకు లోపలుంటది మా ఊరు. పాత మాదిగవాడల గోడకు గోడ తగిలి ఉండేటియి ఇండ్లు. పెరడు అనేది లేదు. అందుకే మా ముత్తవ్వల కాలంనుంచి మావన్నీ ఒక్క కారు మొక్కలే. పుంటికూర, తోటకూర, పాకకు పారిచ్చిన సొరతీగ. గింజ ఏస్తే రెండు నెలల్ల తిని ఊకునేటివి. ఏండ్లకేండ్లు నిలిచే మల్లె, కల్యామాకు, చేమంతి పెట్టాలంటే వచ్చే ఏడు కూడ ఈ జాగ మనదే అన్న ధీమా ఉండాలె. పక్కన నీళ్లుండాలె. రెండూ లేకుండె.

నీళ్ల సంగతి జెప్పాలె. 1908ల మూసీ వరద హైదరాబాదును ముంచినంక, పట్నాన్ని కాపాడి దూప తీర్చనీకి 1920ల ఉస్మాన్‌సాగర్, 1927ల హిమాయత్‌సాగర్ కట్టిండ్రు. మొయినాబాద్ ఈ రెండిటి నడిమిట్ల ఉంటది. అదే 1927 మార్చి 20 నాడు అంబేద్కర్ మహద్‌ల చౌదార్ చెరువు నీళ్లు దోసిట్ల పట్టి తాగిండు. ఇక్కడ ఇంత నీళ్ల నడిమిట్ల ఉండి, మా అవ్వ చిన్నప్పుడు ఊరి బాయి కాడ కడవ కింద పెట్టి నిలబడేది. ఎవలన్న దయదలిచి చేది పోస్తేనే కడవ నిండేది. అసొంటి నీళ్లతోటి మల్లెచెట్టు ఎట్ల పెంచుతరు?

1996 మార్చిల 111 జీవో వచ్చింది. ఆ రెండు జలాశయాల చుట్టు 84 ఊర్లల్ల ఫ్యాక్టరీలు, పెద్ద పెద్ద కట్టడాలు వద్దన్నరు. చెరువులకు మంచిదే, కాదనను. కాని పట్నపోళ్లు తోటల పేరుమీద ఎకరాలు కొని ప్రహరీలు లేపిండ్రు. పొలాలల్ల కూలికి పొయ్యే మా ఆడోళ్లు ఫాంహౌజులల్ల గడ్డి పీకే కూలికి పోయిండ్రు. అవ్వ పనిజేసిన తోటల చలికాలం ఎల్లంగనే చేమంతులు మొదటికంటా కోసేటోళ్లు. మోడు చుట్టు పిలకలు గుంపుగ లేస్తయి. వాటిని విడదీసి నాటితే ఒక్క మొక్క పది మొక్కలైతది. మిగిలిన పిలకలు కుప్పబోసి కాలవెట్టిచ్చిండ్రు గాని ఒక్కటి ఇంటికి తీస్కవోనియ్యలే. గేటు కాడ సద్ది గిన్నె కూడ తెరిచి సూసేటోళ్లు.

దొంగిలిచ్చిన కొమ్మే మంచిగ బతుకుతదని పట్నంల పెద్దింటోళ్లు నవ్వుకుంట చెప్పుకుంటరు. వాళ్లు తెంపితే అది ముచ్చట. మా అవ్వ కింద వడ్డది ఏరుకుంటే దొంగతనం.

ఊరి బయట ఇండ్ల జాగల పట్టాలొచ్చినంకనే మాకు పెరడు అనేది తెలిసింది. ఇంటెనక ఇరువై అడుగుల పొడుగు, పదిహేను అడుగుల వెడల్పు. 2022ల 111 జీవో ఆంక్షలు ఎత్తేస్తున్నమని 69 జీవో ఇచ్చినంక ఆ జాగకూ బేరగాళ్లొచ్చిండ్రు. "ఎనక జాగ ఖాళీగనే ఉన్నది గద" అన్నడొకడు. తమ్మునికి ఆశ వుట్టింది, పిల్లల ఫీజులున్నయి మరి. అవ్వ ఏం మాట్లాడలే. తెల్లారి గడ్డపార తీసింది.

మొదటి మడి అంట్లు తోమే బండకు దగ్గర. ఆ నీళ్లు పారే కాడ చేమగడ్డ, పుదీన, బచ్చలి. బండ కాడ బూడిద, పీసు వాడుదాం, సబ్బు నీళ్లు పారనియ్యొద్దని కోడలికి జెప్పింది. రెండోది ఎండకు, చేమంతులకు. మూడోది కల్యామాకు చెట్టు నీడన పసుపు. దడికి దొండ. పెన్సిలంత మందం కొమ్మ, మూడు నాలుగు కణుపులుండేటట్టు కోసి, రెండు కణుపులు మట్టిల పెట్టాలె. మల్లెకు మాత్రం నేలంటు తొక్కింది. తీగను వంచి, నడిమిట్ల కొంచెం గీరి, మట్టి కప్పి రాయి పెట్టింది. ఏర్లు పట్టేదాక తల్లినుంచి కొయ్యొద్దు. మాది చెల్క నేల, నీళ్లు నిలవయి, అందుకే కట్టలు ఎత్తు పోసింది.

ఒక్క మొక్కా కొన్నది లేదు. దొండ మా పెద్దమ్మ కొడుకు ఇంటికెల్లి వచ్చింది. పసుపుకొమ్ములు చేవెళ్ల అంగడిల కూరగాయలమ్మే వదినె చీర కొంగుల కట్టుకొచ్చింది. చేమంతి పిలకలు వాడల ఆరిండ్లు తిరిగినయి, ఎవరింట్ల పెరిగితే వాళ్లు ఇంకో ఇంటికియ్యాలె.

మొన్న ఊరి దిక్కునుంచి ఒక పటేలమ్మ వచ్చి దడవతల నిలబడ్డది. ఆమె పెరట్ల చేమంతులు కుళ్లిపోయినయట. "రెండు పిలకలు ఇటు ఎయ్యరాదే" అన్నది. ఎయ్యమన్నదంటే దడిమీదికెల్లి విసరమని. ఒకప్పుడు మాకు కూలి పైసలు అట్లనే ఏసేటోళ్లు. నేను మోదుగాకుల చుట్టి విసరబోయిన. అవ్వ నా చెయ్యి పట్టుకున్నది.

"లోపలికి రమ్మను. చేతికియ్యి."

ఆమె జరసేపు అటూ ఇటూ సూసింది. చెప్పులిడిసి వచ్చింది. అవ్వ మట్టి చేతుల్తోటి నాలుగు పిలకలు ఆమె చేతుల పెట్టి, పొద్దుగూకినంక నాటు, మొదట్ల నీళ్లు నిలవనియ్యకు, కుళ్లుతయి అని చెప్పింది. ఆమె చేతులు కడుక్కున్నదో లేదో మేం ఎనకవోయి సూడలే.

మిగిలినయి తడి గోనెసంచిల చుట్టి నీడకు పెట్టినం. మొయినాబాద్ ఫాంహౌజుల పనిజేసే మా మరదలు ఐతారం వస్తనన్నది.