రెండుసార్లు కొన్న లేత్

గిర్నిలో 22 ఏళ్ళు పనిచేసిన మనిషిని నేను. మెషిన్ల గురించి నాకొకరు చెప్పాలా అనే గర్వం ఉండేది. ఆ గర్వానికి నిరుడు 17 వేల రూపాయల జుర్మానా కట్టుకున్నాను. అవి నా పైసలు కూడా కావు, మా ఇంటామె బీడీల పి.ఎఫ్. పైసలు. మన సోలాపూర్‌లో నాలాగా గిర్ని మూతపడి, ఆ తర్వాత చద్దర్ల కార్ఖానాల్లో చేసి, ఇప్పుడు ఇంట్లో కూచున్నవాళ్ళు చాలామంది ఉన్నారు. ఎవరైనా కట్టె పని మొదలుపెట్టాలనుకుంటే నేను చేసిన తప్పు చేయొద్దని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

నిరుడు సంక్రాంతికి గడ్డా యాత్రలో మా మనుమడికి ప్లాస్టిక్ యోయో ఒకటి కొనిచ్చాను. రెండోనాడే పగిలింది. "తాతా, నువ్వు కట్టెది చేసియ్యరాదా?" అన్నాడు వాడు.

ఆ మాట పట్టుకున్నాను. గిర్ని వర్క్‌షాపులో ఫిట్టర్ చేతికింద ఉన్నవాణ్ణి, కట్టె బాబిన్లు ఎన్ని చూశానో లెక్కలేదు. బాబిన్ ఒక పక్క బరువైతే స్పిండిల్ మీద ఎగురుతుంది, నూలు తెగుతుంది. యోయో సంగతీ అంతే. రెండు బిళ్ళలు సమానంగా లేకపోతే దారం మీద వణుకుతుంది, పక్కకు వాలుతుంది, పైకి రాదు. ఇంత తెలిసినవాణ్ణి చేయలేనా అనుకున్నాను. యాత్రలో అమ్మితే నాలుగు పైసలొస్తాయని ఇంటామెకు చెప్పాను. 30 ఏళ్ళు బీడీలు చుట్టిన మనిషి. 40 వేలు తీసిచ్చి, "సోంచాయించి కొను" అని ఒక్క మాటే అన్నది.

నేను సోంచాయించలేదు. పాత ఇనుము వ్యాపారి దగ్గర ఇనుము పని చేసే పెద్ద లేత్ కనిపించింది. అచ్చం మా వర్క్‌షాపులో ఉండేలాంటిది. దాని మీద చెయ్యి వేయగానే పాత రోజులు గుర్తుకొచ్చాయి. 34 వేలకు బేరం చేసి, టెంపోలో వేయించి, నలుగురితో దింపించాను.

దింపినాక తెలిసింది. దాని మోటర్ త్రీ ఫేజ్, మా ఇంట్లో ఉన్నది సింగిల్ ఫేజ్. మోటర్ మార్చడానికి, టెంపోకు కలిపి 5 వేలు. తిప్పి చూస్తే నిమిషానికి ఆరేడు వందల చుట్లు కూడా దాటదు. ఇనుముకు అది చాలు. చిన్న కట్టె బిళ్ళకు 2 వేల దాకా వేగం ఉంటేనే కోత నున్నగా వస్తుంది, లేకుంటే పీచు లేస్తుంది. పైగా దాంట్లో ఉలిని బిగించి హ్యాండిల్‌తో నిలువుగా, అడ్డంగా జరపాలి. యోయో వంపు అలా రావడం కష్టం. ఉలి చేతిలో ఉండి, రెస్ట్ మీద ఆనించి, మణికట్టుతో తిప్పితే వస్తుంది. మూడు నెలలు అరుగు మీద పెట్టుకుని చూసి, 22 వేలకు అమ్మేశాను.

ఇంటామె తిట్టలేదు. తిడితే బాగుండేది. చాట ఒళ్ళో పెట్టుకుని ఆకు కత్తిరిస్తూనే అన్నది: "గీ ముప్పై ఏండ్లల్ల నేను కొన్నయి చాట, రేకు, కత్తెర. కత్తెరకు పదును లేకపోతే ఆకు చిరుగుతది. పెద్ద కత్తెర కొంటే బీడీ మంచిగొస్తదా?"

ఆ మాట తర్వాత లెక్క తిరగేసి వేశాను. ముందు మెషిన్ కాదు, ముందు వస్తువు కొలత. యోయో అడ్డం 55 నుంచి 60 మిల్లీమీటర్లు. ఒక్కో బిళ్ళ మందం 20 కూడా ఉండదు. దీనికి బల్ల మీద పెట్టుకునే చిన్న కట్టె లేత్ చాలు, పొడవుతో పనే లేదు. అర హార్స్‌పవర్ సింగిల్ ఫేజ్ మోటర్ సరిపోతుంది. వేగం తగ్గించి పెంచుకునేలా ఉండాలి. కింది బెడ్ రేకుది కాకుండా పోత ఇనుముదై ఉండాలి, లేకుంటే మెషినే వణుకుతుంది. కొనేముందు ఒక పరీక్ష చేయండి. వెనక మొనను ముందుకు జరిపి, ముందు మొనకు తాకించి చూడండి. రెండు మొనలు సూటిగా కలవాలి. తేడా ఉంటే ఇరుసు రంధ్రం నడిమధ్యలో పడదు. స్పిండిల్ మరలు మామూలు కొలతవేనా అని కూడా అడగండి, లేకుంటే చక్ దొరకడం కష్టం.

రెండోసారి ఉన్న పైసల్లో సగమే మెషిన్‌కు పెట్టాను. మా కొడుకు కొంత కలిపాడు. ఒకాయన వాడి పెట్టిన చిన్న లేత్ దొరికింది. మిగతా సగం చక్‌కు, డ్రిల్ చక్‌కు, గ్రైండర్‌కు, ఉలులకు. ఎనిమిది ఉలుల డబ్బా చవకగా వస్తుందన్నారు, వద్దన్నాను. హెచ్.ఎస్.ఎస్. ఉలులు మూడే కొన్నాను: ఒక చిన్న గౌజ్, ఒక గుండ్రటి స్క్రేపర్, దారం సందుకు ఒక పార్టింగ్ ఉలి. మామూలు ఉక్కు గ్రైండర్ మీద నీలంగా మారితే పదును నిలవదు, హెచ్.ఎస్.ఎస్. ఆ వేడిని తట్టుకుంటుంది. పెద్ద రఫింగ్ గౌజ్ పొడవు కడ్డీలకే పనికొస్తుంది. పలకలోంచి కోసిన బిళ్ళకు పెడితే కట్టెలో చిక్కుకుని విరిగే ప్రమాదం ఉంది. పదును పెట్టడం నేర్చుకోవడానికే నాకు నెల పట్టింది.

కట్టె ఫర్నిచర్ దుకాణాల్లో మిగిలిన ముక్కలే. బాగా ఎండినదై ఉండాలి. ఒకే పలకలో పక్కపక్క ముక్కలు తీసుకుంటే బరువు దగ్గరగా వస్తుంది. రెండింటికీ నడుమ రంధ్రం వేసి, ఒకే బోల్టు మీద బిగించి అంచు తిప్పితే అడ్డం కొలత తేడా రాదు. చివర వంటింటి కాంటా మీద తూచి, బరువైనదాన్ని కొంచెం గీకాలి. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో అంకుడు కర్ర బొమ్మలకు తిరుగుతుండగానే లక్క కడ్డీ ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి పట్టుకుంటుంది. నేనింకా అంతదూరం పోలేదు, అవిసె నూనె రుద్దుతున్నాను.

ఇంకో మాట. ఒకనాడు మెడలో తువ్వాల వేసుకునే లేత్ మీద వంగాను. ఇంటామె చూసి వెనకనుంచి గుంజేసింది. గిర్నిలో బెల్టుకు చేతులు పోగొట్టుకున్నవాళ్ళను చూసిన కళ్ళు మనవి, అయినా మర్చిపోతాం. తువ్వాల, వేలాడే చేతులు, గ్లవ్స్ వద్దు. ముఖానికి షీల్డ్, ముక్కుకు మాస్కు తప్పకుండా ఉండాలి. మా బాపు నూలు దుమ్ముకు దగ్గి దగ్గి పోయాడు. కట్టె దుమ్మూ ఊపిరితిత్తులకు మంచిది కాదు.

మొదటి 11 యోయోలు పొయ్యిలోకి పోయాయి. పన్నెండోది మనుమడి చేతిలోంచి కిందికి జారి, మళ్ళీ పైకి వచ్చి అరచేతిలో పడ్డది. వాడు ఏమీ అనలేదు, మళ్ళీ వదిలాడు. సాయంత్రం దాకా వదులుతూనే ఉన్నాడు.

ఈ సంక్రాంతికి యాత్రలో 80 రూపాయల చొప్పున 50 అమ్మాను. ఖర్చులు పోను 3 వేలు ఇంటామె చేతిలో పెట్టాను. ఆమె లెక్కపెట్టుకుని, బీడీల లెక్క రాసే బుక్కు తీసి, మనుమడితో రాయించింది. "ఇంక పద్నాలుగు వేలు బాకీ" అన్నది.

మనవాళ్ళు ఎవరైనా లేత్ కొనాలనుకుంటే, పైసలు కట్టేముందు ఒకసారి మా అరుగు మీదికి రండి. ఉలి మీ చేతికిస్తాను, ఒక బిళ్ళ తిప్పి చూసుకుని పోండి.