పియానో రాకముందు... ఎడిన్‌బరో సందులో హార్ప్‌సికార్డ్

ఎడిన్‌బరో వెళ్లినవాళ్లంతా రాయల్ మైల్ మీద నడుస్తారు. ఒక చివర కోట, ఇంకో చివర రాజభవనం, మధ్యలో బ్యాగ్‌పైపుల మోత, సెల్ఫీల సందడి. ఆ రోడ్డుకి అటూ ఇటూ పల్లంలోకి జారిపోయే సందులు బోలెడు. వాటిల్లో నిడ్రీ స్ట్రీట్ ఒకటి. వేవర్లీ రైల్వేస్టేషన్ నుంచి కాస్త నడిస్తే వచ్చేస్తుంది. కిందికి దిగుతూ పోతే, ఆ సందు కౌగేట్ వీధిలో కలిసేచోట ఒక పాత రాతి భవనం కనిపిస్తుంది. అదే సెయింట్ సిసీలియాస్ హాల్. సంగీతకారులకు అండగా ఉండే పునీతురాలిగా క్రైస్తవులు కొలిచే సిసీలియా పేరే దీనికి పెట్టారు.

1763లో తెరిచిన ఈ హాలు, స్కాట్లాండ్‌లో కచేరీల కోసమే కట్టిన భవనాల్లో అన్నిటికన్నా పాతది. ఇప్పుడు ఇది ఎడిన్‌బరో యూనివర్సిటీ వాళ్ల సంగీత వాద్యాల మ్యూజియం. రకరకాల వాద్యాలు ఉన్నాయి గానీ, ఇక్కడ అసలు హీరో మాత్రం హార్ప్‌సికార్డే.

ఈక మీటితే పాట

మొదటిసారి చూసినవాళ్లు దాన్ని పియానో అనే అనుకుంటారు. కాస్త సన్నగా, పొడుగ్గా ఉంటుందంతే. లోపల జరిగే పని మాత్రం పూర్తిగా వేరు. పియానోలో కీ నొక్కితే చిన్న సుత్తి వెళ్లి తీగను కొడుతుంది. హార్ప్‌సికార్డ్‌లో కీ రెండో చివర ఒక సన్నటి చెక్కముక్క నిలబడి ఉంటుంది. దాన్ని జాక్ అంటారు. దాని పక్కన పక్షి ఈక కాడతో చేసిన చిన్న ములుకు ఉంటుంది. కీ నొక్కగానే జాక్ పైకి లేస్తుంది, ములుకు తీగను మీటుతుంది. వేలు తీయగానే జాక్ కిందికి దిగుతుంది, దానికున్న చిన్న బట్టముక్క తీగను తాకి మోత ఆపేస్తుంది. అంటే వీణలో వేలు చేసే పని ఇక్కడ ఈక చేస్తుందన్నమాట. ఈమధ్య చేసే వాటిల్లో చాలామటుకు ఈక బదులు ప్లాస్టిక్ వాడుతున్నారు.

ఇందులో ఒక చిక్కుంది. కీని మెల్లగా నొక్కినా, గట్టిగా బాదినా శబ్దం దాదాపు ఒకే స్థాయిలో వస్తుంది. పియానోలా ఒక స్వరాన్ని గుసగుసలా, ఇంకోదాన్ని ఉరుములా పలికించడం కుదరదు. పైగా మీటిన మోత తొందరగా సన్నబడిపోతుంది. మరి వాయించేవాళ్లు ఏం చేసేవారు? ఒక స్వరాన్ని రవ్వంత ఆలస్యంగా పలికించేవారు. తీగస్వరాలన్నీ ఒక్కసారి కాకుండా ఒకదాని వెనక ఒకటి జారవిడిచేవారు. పొడుగు స్వరం ఆరిపోకుండా చుట్టూ చిన్న చిన్న అలంకారాలు అల్లేవారు. బరోక్ సంగీతంలో కనిపించే ఆ నగిషీల్లో సోకు ఎంత ఉందో అవసరమూ అంతే ఉంది.

వెనక కూర్చున్న పెద్దమనిషి

బరోక్ అంటే యూరప్‌లో ఇంచుమించు 1600 నుంచి 1750 దాకా నడిచిన సంగీతం. వివాల్డి, హాండెల్, బాఖ్ అందరూ ఆ కాలంవాళ్లే. అప్పటి వాద్యబృందాల్లో చేత్తో కర్ర ఊపే కండక్టర్ సాధారణంగా ఉండేవాడు కాదు. చాలాసార్లు హార్ప్‌సికార్డ్ ముందు కూర్చున్నవాడే అందర్నీ నడిపించేవాడు. హాండెల్ లండన్‌లో తన ఒపెరాలను అలాగే నడిపించాడు.

ఆ వాయించేవాడి ముందు పెట్టే కాగితం ఇంకా తమాషాగా ఉంటుంది. ఎడమచేతికి మాత్రమే స్వరాలు రాసి, వాటి కింద 6, 7 లాంటి అంకెలు వేసేవారు. మిగతాదంతా అతనే అప్పటికప్పుడు అల్లుకోవాలి. గిటార్ నేర్చుకున్నవాళ్లకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. పాట మీద కార్డ్స్ రాసి ఉంటే ఎలా వాయించాలో చేతికి తెలిసిపోతుంది కదా, దాదాపు అలాంటిదే. దీన్ని కంటిన్యువో అంటారు. పాడేవాళ్లు, వయొలిన్‌వాళ్లు ముందుంటే, కింద నేలలా హార్ప్‌సికార్డ్ ఉండేది. అది ఉన్నట్టు చాలామంది గమనించరు. ఆపేస్తే మాత్రం బృందం మొత్తం బోసిపోతుంది.

అలా వెనక ఉండే వాద్యాన్ని బాఖ్ ఒకసారి ముందుకు లాగాడు. 1719లో ఆయన కోతెన్ రాజాస్థానం కోసం బెర్లిన్ నుంచి ఒక కొత్త హార్ప్‌సికార్డ్ తెప్పించాడు. 1721లో రాసి పంపిన ఆరు బ్రాండెన్‌బర్గ్ కాన్చెర్టోల్లో ఐదోది వినండి. మొదటి భాగం చివర్లో వయొలిన్, ఫ్లూట్ అన్నీ ఆగిపోతాయి. హార్ప్‌సికార్డ్ ఒక్కటే మిగులుతుంది. సుమారు మూడు నిమిషాల పాటు ఒంటరిగా చెలరేగిపోతుంది. అప్పటిదాకా తోడుగా ఉన్నది ఒక్కసారిగా కథానాయకుడైపోతుంది.

హాలూ మూగబోయింది, వాద్యమూ మూగబోయింది

ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో 1700 ప్రాంతంలోనే క్రిస్టోఫోరి అనే హార్ప్‌సికార్డ్ తయారీదారు సుత్తులతో పనిచేసే వాద్యం ఒకటి చేశాడు. అదే పియానో. అది ఊపందుకోవడానికి చాలా ఏళ్లు పట్టింది గానీ, అందుకున్నాక ఆగలేదు. కచేరీ హాళ్లు పెద్దవయ్యాయి, జనం పెరిగారు, శబ్దం పెద్దగా కావాల్సొచ్చింది. లండన్‌లో పేరున్న హార్ప్‌సికార్డ్ తయారీదారు షూడి. ఆయన అల్లుడు బ్రాడ్‌వుడ్ మామగారి దుకాణాన్నే పియానోల కంపెనీగా మార్చేశాడు. 19వ శతాబ్దం మొదట్లో పారిస్ సంగీత కళాశాలలో, చలికాలం గదులు వెచ్చబెట్టుకోవడానికి హార్ప్‌సికార్డ్‌లను కట్టెలుగా కాల్చారని కూడా చెబుతారు.

విచిత్రం ఏంటంటే, సరిగ్గా అదే కాలంలో ఈ హాలు కథా అడ్డం తిరిగింది. ఎడిన్‌బరోలో డబ్బున్నవాళ్లంతా కొత్తగా కట్టిన న్యూటౌన్‌కి తరలిపోయారు. హాలు పక్కనే సౌత్ బ్రిడ్జ్ లేచింది. 1787లో న్యూటౌన్‌లో అసెంబ్లీ రూమ్స్ తెరిచారు, కచేరీల కళ అటు పోయింది. దీన్ని నడిపిన సంగీత సమాజం మూతబడింది, భవనం చేతులు మారింది. తర్వాత ఇది చర్చి అయింది, స్కూలయింది, 20వ శతాబ్దంలో డ్యాన్స్ హాలూ అయింది. 1959లో యూనివర్సిటీ కొనేదాకా ఇదే వరస.

వాద్యాన్ని మళ్లీ జనంలోకి తెచ్చినవాళ్లలో ముందు చెప్పుకోవాల్సిన పేరు వాండా లాండోవ్‌స్కా. పోలండ్‌లో పుట్టిన ఈమె, అందరూ పాతసామాను అనుకున్న హార్ప్‌సికార్డ్‌ని వేదికల మీదకు తీసుకొచ్చింది. బాఖ్ గోల్డ్‌బర్గ్ వేరియేషన్స్‌ని 1933లో దాని మీదే రికార్డ్ చేసింది. అయితే ఆమె వాయించింది పియానో కంపెనీ చేసిన బరువైన కొత్త రకం. అసలు పాతవి ఎలా చేశారో చూసి అలాగే చేయాలన్న పట్టుదల తర్వాత వచ్చింది. అలా పాతవాటిని వెతికి సేకరించినవాళ్లలో రేమండ్ రసెల్ ఒకరు. 1964లో ఆయన చనిపోయాక, ఆయన తల్లి 19 వాద్యాలను ఈ యూనివర్సిటీకి ఇచ్చేశారు. 1968లో ఈ హాలు వాటికి ఇల్లయింది.

వాయించాలా? దాచాలా?

ఇక్కడ రెండు వాద్యాల దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగండి. ఒకటి పారిస్‌లో పాస్కల్ టాస్కాన్ 1769లో చేసింది. ప్రపంచంలో ఎక్కువగా కాపీ కొట్టిన హార్ప్‌సికార్డ్‌లలో ఇదొకటి. ఎక్కడో ఒక ఊళ్లో కొత్త హార్ప్‌సికార్డ్ కచేరీ వింటే, అది దీని మనవరాలు అయ్యే అవకాశం బాగానే ఉంది.

రెండోది ఆంట్‌వెర్ప్‌లో రూకర్స్ కుటుంబం 1638లో చేసింది. దీనికి రెండు కీబోర్డులు. రెండూ ఒకే తీగల్ని మీటినా, శ్రుతి నాలుగు స్వరాల తేడాతో ఉంటుంది. ఇప్పుడు మన కీబోర్డుల్లో ట్రాన్స్‌పోజ్ బటన్ ఉంటుందే, ఆ పనిని వాళ్లు చెక్కతో చేశారు. రూకర్స్ వాద్యాలకు తర్వాతి కాలంలో పారిస్‌లో విపరీతమైన గిరాకీ. కొత్త పాటలకు సరిపోవాలని వాటిని కోసి, వెడల్పు చేసి, కీలు పెంచేశారు. అందుకే పాత అమరిక ఇంకా కనిపించే ఇలాంటిది దొరకడం చాలా అరుదు.

ఇక్కడే మ్యూజియం వాళ్లకి తెగని పేచీ. వాద్యం వాయించకపోతే అందమైన ఫర్నిచర్ అయిపోతుంది. వాయిస్తే అరుగుతుంది. తీగల లాగుడుకి చెక్క మెల్లగా వంగుతుంది. పాడైన భాగం తీసి కొత్తది వేస్తే పాట తిరిగొస్తుంది, కానీ మూడు వందల ఏళ్ల క్రితం పనివాడు ఉలి ఎలా పట్టాడో చెప్పే సాక్ష్యం పోతుంది. పారిస్‌వాళ్లు ప్రేమకొద్దీనే కదా రూకర్స్‌లను కోసింది! ఈ హాలు మధ్యేమార్గం పట్టింది. కొన్నిటిని వాయించేలా ఉంచి కచేరీలు పెడుతుంది, కొన్నిటిని కదపకుండా కాపాడుతుంది. ఏది ఏ జాబితాలో ఉండాలన్నదే ప్రతిసారీ కష్టమైన ప్రశ్న.

నా మటుకు నాకు వాయించేవి ఉండడమే గొప్ప సంగతి అనిపిస్తుంది. పెద్ద ఆడిటోరియంలో హార్ప్‌సికార్డ్ పీలగా వినిపించొచ్చు. పై అంతస్తులో ఉన్న ఈ కోడిగుడ్డు ఆకారపు చిన్న హాల్లో కూర్చుంటే ఆ మాట ఎవరూ అనరు. దాని గొంతు ఇలాంటి గదుల కోసమే పుట్టింది. రెండు వేల సీట్ల హాలుతో కొలిచి, దానికి బలం లేదని మనమే తీర్పు చెప్పేశాం.

వెళ్లాలనుకుంటే: ప్రవేశానికి టికెట్ లేదు. అన్ని రోజులూ తెరవరు కాబట్టి వేళలు, కచేరీల తేదీలు వెబ్‌సైట్‌లో ముందే చూసుకోండి. ఇప్పట్లో వెళ్లే వీల్లేదంటారా? ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని బ్రాండెన్‌బర్గ్ ఐదో కాన్చెర్టో మొదటి భాగం పెట్టండి. ఒంటరి సోలో వచ్చేదాకా తొందరపడొద్దు. ముందు వయొలిన్ల వెనక గలగలమంటున్న ఆ ఈకల చప్పుడు పట్టుకోండి.