లష్కరుకు ఎవరు చెప్పారు?

మా పక్కింటి పిన్నిగారు ఎల్లుండి లేహ్ విమానం ఎక్కుతున్నారు. నిన్న పెట్టె సర్దుతుంటే చూశాను, స్వెట్టర్ల మధ్య ఎండు ఉసిరి పొట్లాలు రెండు, విటమిన్ సి బిళ్లల సీసా ఒకటి. "అక్కడ గాలి పల్చనట కదా నాయనా, ఇవన్నీ యాంటీఆక్సిడెంట్లు, ఊపిరితిత్తులకు రక్ష" అన్నారు. వాట్సాప్‌లో వచ్చిందట. నవ్వు వచ్చింది గానీ, ఆపుకున్నాను. ఈ ఆశ పెద్ద పెద్ద డాక్టర్లకూ ఉండేది మరి. ఎందుకో తెలియాలంటే ముందు ఊపిరితిత్తుల తీరు తెలియాలి.

ఒంట్లో ఎక్కడ ఆక్సిజన్ తగ్గినా అక్కడి రక్తనాళాలు వెడల్పవుతాయి. ఊపిరితిత్తుల్లో తిరకాసు! గాలి అందని మూలకు వెళ్లే నాళం ముడుచుకుంటుంది. డెల్టాలో కాలువ లష్కరును చూశారా? నాట్లు వెయ్యని చేనికి నీళ్లెందుకని తూము దించేసి పక్క చేనికి వదులుతాడు. అచ్చం అదే. నిమోనియాతో ఒక భాగం పూడుకుపోతే, రక్తం బాగున్న భాగానికి మళ్లుతుంది. 1946లో స్వీడన్‌లో ఫాన్ ఆయిలర్, లిల్యెస్ట్రాండ్ అనే శాస్త్రవేత్తలు పిల్లుల మీద దీన్ని చూపించారు.

లేహ్ ఎత్తు దాదాపు 3500 మీటర్లు. అక్కడ కొరత ఒక మూల కాదు, ఆయకట్టు మొత్తానికి. లష్కరు కంగారుపడి అన్ని తూములూ దించబోతాడు, కొన్ని గట్టిగా, కొన్ని వదులుగా. వదులుగా ఉన్న కాలువ మీద వరదంతా పడుతుంది. కొందరికి అక్కడే గట్టు తెగి, గాలి గదుల్లోకి నీరు ఊరుతుంది. ప్రాణం మీదికి వస్తుంది.

ఇంతకీ గాలి తగ్గిందని లష్కరుకు ఎవరు చెప్పారు? నాళపు కండర కణాల్లోని మైటోకాండ్రియా అని చాలామంది మాట. కబురు మోసేవి ఆక్సిజన్ నుంచి పుట్టే ఫ్రీ రాడికల్స్. అవి తగ్గడమే కబురని ఒక వర్గం, పెరగడమే కబురని ఇంకో వర్గం. ఎటు తిరిగినా చివరికి కణంలో కాల్షియం పెరిగి కండరం బిగుసుకుంటుందనడంలో మాత్రం ఇద్దరిదీ ఒకే మాట. యాంటీఆక్సిడెంట్ ఆ రాడికల్స్‌ను తుడిచేస్తుంది కదా. పెరగడమే కబురైతే ఆ మందు నాళం ముడుచుకోకుండా ఆపాలి. తగ్గడమే కబురైతే ఆ మందే నాళం ముడుచుకునేలా చెయ్యాలి. ప్రయోగశాలల్లో రెండూ కనిపించాయి! దశాబ్దాలుగా ఈ పంచాయితీ తెగలేదు.

మనుషుల సంగతంటారా? 83 మందిని బొలీవియాలో 5200 మీటర్ల ఎత్తుకు తీసుకెళ్లారు. కొందరికి విటమిన్ సి, విటమిన్ ఇ, లైపోయిక్ ఆమ్లం, మూడూ యాంటీఆక్సిడెంట్లే. మిగతావాళ్లకు ఉత్తుత్తి బిళ్లలు. 2009లో ఫలితం అచ్చయింది. కొండజబ్బులో తేడా లేదు, ఊపిరితిత్తుల ధమనిలోని పీడనంలోనూ తేడా లేదు. నాకైతే వింతనిపించలేదు. కణంలో ఒక మూల క్షణంలో పుట్టి క్షణంలో మాసిపోయే కబురును బిళ్ల మింగి ఆపాలనుకోవడం, ఇంట్లో పులుసు చప్పగా ఉందని ఊరి చెరువులో ఉప్పు వెయ్యడమే.

పిన్నిగారితో ఒకటే అన్నాను. ఉసిరి తినండి, నోటికి బాగుంటుంది. దిగాక మొదటి రెండు రోజులు గది దాటొద్దు, ఖర్దుంగ్లా కనుమ ఎక్కడం ఆ తర్వాతే. కూర్చున్నా ఆయాసం తగ్గకపోతే, దగ్గు పట్టుకుంటే, ఆక్సిజన్ పెట్టించుకుని కిందికి దిగే దారి చూడండి. మీలో ఎవరైనా బయల్దేరుతుంటే మీకూ ఇదే మాట.