ముందు విను, తరువాత వినిపించు



ఒక ఆదివారం ప్రసంగంలో డీజేల గురించి చాలా గట్టిగా మాట్లాడాను. పెళ్ళి ఊరేగింపుల్లో చెవులు పగిలే మోత, దాని ముందు తాగి తూలే యౌవనస్థులు, ఇదంతా సాతాను సందడి అన్నాను. ఎవరి పేరూ ఎత్తలేదు. అయితే మా సంఘంలో ఆ పని నేర్చుకుంటున్న అబ్బాయి ఒక్కడే. ఆ రోజు వెనుక వరుసలో కూర్చున్నాడు. తరువాతి ఆదివారం రాలేదు. ఆ పై వారమూ రాలేదు.

నెల గడిచాక అతని తల్లి మా ఇంటికి వచ్చింది. ఆమె విధవరాలు. కూలి చేసి కొడుకును పెంచింది. "అయ్యగారూ, గేదెను అమ్మిన డబ్బుతో ఏదో పెట్టె కొన్నాడు. అది పని చెయ్యడం లేదంట. రాత్రంతా దాని ముందే కూర్చుంటున్నాడు. మీరొచ్చి ఒక్క మాట చెప్పండి" అని కన్నీళ్ళు పెట్టుకుంది. మందలించవలసిన మాటలన్నీ దారిలోనే సిద్ధం చేసుకొని వెళ్ళాను.

ఆ ఇంట్లో మోతేమీ లేదు. ఒక పాత లాప్‌టాప్, దాని పక్కన ఆ పెట్టె. దానికి రెండు చక్రాలు, మధ్యలో పైకీ కిందికీ జరిపే మీటలు, తిప్పే నాబ్‌లు ఉన్నాయి. అబ్బాయి నన్ను చూసి లేచి వందనాలు చెప్పాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "ఏది తిప్పినా కంప్యూటర్ పలకడం లేదు అయ్యగారూ. ఎలా చెయ్యాలో అంతా ఇంగ్లీషులో ఉంది" అన్నాడు. వేదాంత కళాశాలలో నేర్చుకున్న కొద్దిపాటి ఇంగ్లీషు నాకుంది. తెచ్చుకున్న మందలింపు గొంతులోనే ఆగిపోయింది. అతని పక్కన కూర్చొని చదవడం మొదలుపెట్టాను. అలా మూడు సాయంత్రాలు కూర్చున్నాను.

ఆ పెట్టెను కంట్రోలర్ అంటారు. పాటలు దానిలో ఉండవు, కంప్యూటర్‌లో ఉంటాయి. మీట కదిపితే కంట్రోలర్ ఒక అంకె పంపుతుంది, అంతే. మామూలుగా ఆ అంకె 0 నుండి 127 లోపు ఉంటుంది. 1983 నుండి వాడుకలో ఉన్న మిడి అనే పద్ధతి ఇది. ఏ అంకెకు ఏ పని చెయ్యాలో సాఫ్ట్‌వేర్‌కు ముందుగా తెలియాలి. ఆ ఒప్పందాన్ని మ్యాపింగ్ అంటారు. సంఖ్యాకాండము 10వ అధ్యాయంలోని రెండు వెండి బూరలు నాకు జ్ఞాపకం వచ్చాయి. రెండూ ఊదితే సమాజమంతా కూడాలి, ఒకటే ఊదితే ప్రధానులు రావాలి. ముందుగా నేర్పకపోతే ఎంత ఊదినా ప్రజలకు ఏమి అర్థమవుతుంది?

అబ్బాయి వాడుతున్నది మిక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్. పేరు పొందిన కంట్రోలర్లు చాలావాటికి అందులో మ్యాపింగ్ సిద్ధంగానే ఉంది. ఇతనిది పాతది, ఆ పట్టికలో లేదు. అయితే నేర్పే మార్గం కూడా అందులోనే ఉంది. ప్రిఫరెన్సెస్‌లో కంట్రోలర్స్ అనే చోట లెర్నింగ్ విజార్డ్ తెరవాలి. తెరమీద కావలసిన పనిని ఎంచుకొని, చేతితో ఆ మీటను కదపాలి. అది నేర్చుకుంటుంది. ఇలా ఒక్కొక్క మీటకూ నేర్పాము. చక్రాలు మాత్రం అంత సులభంగా లొంగలేదు. వాటిని రికార్డు ప్లేటులా వెనక్కీ ముందుకీ ఆడించాలంటే చిన్న ప్రోగ్రాం రాయాలి. అది తరువాత చూసుకుందామని విడిచిపెట్టాము.

మూడవ సాయంత్రం సౌండ్ హార్డ్‌వేర్ అనే చోట రెండు దారులు ఏర్పరిచాము. మెయిన్ శబ్దం బాక్సులకు, రెండవది హెడ్‌ఫోన్స్‌కు. "రెండెందుకు బాబూ?" అని అడిగాను. అతడు హెడ్‌ఫోన్స్ నా చెవులకు పెట్టాడు. బయట ఒక పాట నడుస్తోంది, నా చెవిలో మరొకటి. "తరువాత వేసే పాట ముందు నేనొక్కణ్ణే వింటాను అయ్యగారూ. వేగం సరిపోయిందా, ఎక్కడ కలపాలి అని చూసుకుంటాను. బాగుంటేనే జనానికి వదులుతాను" అన్నాడు.

ఆ మాట నన్ను పొడిచింది. నేను ఆ ఆదివారం చేసిన ప్రసంగాన్ని ముందుగా నా చెవిలో విన్నానా? ఆ అబ్బాయి ఇంటికి ఒక్కసారైనా వచ్చి, ఎందుకు ఈ పని నేర్చుకుంటున్నావు అని అడిగానా? సంగతి వినకముందే ప్రత్యుత్తరమిచ్చేవాడు బుద్ధిలేనివాడని సామెతలు 18:13 హెచ్చరిస్తోంది. అక్కడే అతని చేతులు పట్టుకొని క్షమించమన్నాను. అతడు తలవంచుకున్నాడు గాని ఏమీ అనలేదు. తల్లి అన్నం వడ్డించింది. ముగ్గురం తిన్నాము.

వెంటనే గుడికి రాలేదు. కొన్ని వారాల తరువాత ఒక ఆదివారం వచ్చి, మా మిక్సర్ దగ్గర కూర్చున్నాడు. ఆరాధన అయ్యాక మెల్లగా అన్నాడు: "అయ్యగారూ, మీరు మాట్లాడినంతసేపూ ఎర్ర లైటే వెలుగుతోంది. ఎరుపుకు వెళ్తే శబ్దం చిరిగిపోతుంది. మోత వినిపిస్తుంది గాని మాట అర్థం కాదు." గెయిన్ తగ్గించాడు. మరుసటి వారం ముసలివారు నా ప్రసంగం బాగా అర్థమైందని చెప్పారు.

ఆ ఎర్ర లైటు మరో సంగతి చూపింది. మా గుడి మైకు తెల్లవారుజామున 5 గంటలకే మోగేది. 2000వ సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుండి ఉదయం 6 వరకు లౌడ్‌స్పీకర్లు మోగించకూడదు. అదే సంవత్సరం ఆగస్టులో చెన్నైలోని ఒక సంఘం విషయంలో సుప్రీంకోర్టు తీర్పిస్తూ, పొరుగువారి నెమ్మదిని చెడగొట్టి ప్రార్థించమని ఏ మతమూ చెప్పదన్నది. వేకువనే గొప్ప శబ్దంతో స్నేహితుని దీవిస్తే అది శాపంగా ఎంచబడుతుందని సామెతలు 27:14 ఎన్నడో చెప్పింది. డీజేలను తప్పుపట్టిన నేనే ఊరివారి నిద్ర చెడగొడుతున్నాను! పెద్దలతో మాట్లాడి బయటి మైకు ఆపించాను.

తల్లిదండ్రులారా, మీ బిడ్డలు ఈ పని నేర్చుకుంటామంటే ముందు ఆస్తులు అమ్మనివ్వకండి. ఉచిత సాఫ్ట్‌వేర్, ఒక జత హెడ్‌ఫోన్స్ చాలు, చేయి కుదిరేవరకు కంట్రోలర్ కూడా అక్కరలేదు. కొనేటప్పుడు హెడ్‌ఫోన్స్‌కు వేరే దారి ఉన్న సౌండ్ కార్డు లోపలే ఉన్నదీ, మ్యాపింగ్ సిద్ధంగా ఉన్నదీ చూసి కొనండి. తాగుబోతుల ఊరేగింపులను నేను ఈనాటికీ సమర్థించను. అబ్బాయితో ఆ మాట చెప్పాను. రాత్రి 10 దాటితే బాక్సులు ఆపేస్తానని అతడు మాట ఇచ్చాడు. అయితే ఆ మాట అతని పక్కన కూర్చొని చెప్పాను, పుల్పిట్ మీదనుండి కాదు.

ప్రభువు మనకు ముందుగా వినే చెవిని దయచేయును గాక. ఆమేన్.