ఒక వంతు గాలికి

సంక్రాంతికి శ్రీకాకుళం వెళ్దామనగానే మావాడు ఒకే ఒక్క షరతు పెట్టాడు. లాప్‌టాప్ కూడా రావాలి!

'పండక్కి వెళ్తూ అదెందుకురా?' అంటే, 'నేనిప్పుడు ఇంటికి చాలా దూరంలో ఉన్నా నాన్నా. మధ్యలో వదిలెయ్యలేను' అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు వాడు మా ఇంట్లో సోఫా మీదే కాళ్లు చాపుకుని ఉన్నాడు.

పదో తరగతి పిల్లాడికి ఆ దూరం ఎక్కడిదంటారా? వాడి ఓడ భూమికి ఇరవై వేల కాంతి సంవత్సరాల అవతల ఉందట. ఆ ఆట పేరు 'ఎలీట్ డేంజరస్'. 2014 డిసెంబరులో ఒక బ్రిటన్ కంపెనీ విడుదల చేసింది. మన పాలపుంతనే కంప్యూటర్లో కట్టి పెట్టారు. ఒకటీ రెండూ కాదు, నలభై వేల కోట్ల నక్షత్ర కుటుంబాలు! అందులో ఓ ఓడ వేసుకుని ఎంత దూరమైనా పోవచ్చు. యుద్ధాలు చేసేవాళ్లు చేస్తారు, సరుకులు అమ్ముకునేవాళ్లు అమ్ముకుంటారు. మావాడిలాంటివాళ్లకు మాత్రం ఎవరూ చూడని చుక్కను చూసి రావడమే పని. అయితే చూసినదంతా తిరిగొచ్చి ఏదో ఒక స్థావరంలో అప్పగిస్తేనే డబ్బూ, పేరూ. దార్లో ఓడ పేలిపోయిందా, నెలల కష్టం గోవిందా! ప్రాణానికి మాత్రం ఢోకా లేదు. చివరిసారి ఆగిన స్థావరంలో కొత్త ఓడతో మళ్లీ పుట్టొచ్చు.

సరే, లాప్‌టాప్‌తో సహా ఆమదాలవలసలో దిగాం. శ్రీకాకుళానికి రైలు స్టేషన్ అదే మరి.

చీకటి పడిన ఓడ

దిగిన రాత్రే ప్రమాదం జరిగింది. అన్నానికి పిలిస్తే రాడు. వెళ్లి చూస్తే తెర నల్లగా ఉంది. మావాడి మొహం అంతకన్నా నల్లగా ఉంది.

ఇంధనం అయిపోయింది! ఆ ఆటలో అంత దూరం పోయినవాళ్లు ఇంధనాన్ని నక్షత్రాల దగ్గర నింపుకోవాలట. చుక్క పక్కనుంచి జాగ్రత్తగా పోతూ దాని వాయువును ఓడలోకి తోడుకోవాలి. కానీ అన్ని చుక్కలూ ఇవ్వవు. గోధుమరంగు మరుగుజ్జు నక్షత్రాలని కొన్నుంటాయి. మసక మసగ్గా ఉంటాయి, చుక్క ఇంధనం రాలదు. మావాడు అలాంటి గుంపులోకి వెళ్లి, 'ఇంకొక్కటి దూకితే మంచిది దొరక్కపోతుందా' అనుకుంటూ నాలుగైదుసార్లు దూకాడు. దొరకలేదు. ఓడలో దీపాలు ఆరిపోయాయి. తెర మీద ప్రాణవాయువు గడియారం వెనక్కి నడవడం మొదలైంది. నాసిరకం పరికరమైతే అయిదు నిమిషాలు, మేలు రకమైతే ఇరవై అయిదు నిమిషాలు. అంతే!

'మరి ఏం చేశావు?'

'ఆట మూసేశా. మూసేస్తే గడియారం ఆగిపోతుంది. కానీ మళ్లీ తెరిస్తే అక్కడి నుంచే నడుస్తుంది.'

రెండు నెలల ప్రయాణం వాడిది. నాకు నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. కళ్లలో నిజంగానే నీళ్లున్నాయి.

అర్ధరాత్రి దాకా కూర్చుని ఎవరికో కబురు పెట్టాడు. 'ఫ్యూయల్ ర్యాట్స్' అని ఓ దళం ఉందట. ఆ ఆట ఆడేవాళ్లే, రకరకాల దేశాలవాళ్లు. 2015 నుంచీ ఎవరి ఓడలో ఇంధనం అయిపోయినా వెతుక్కుంటూ వెళ్లి పోసి వస్తుంటారు. పైసా తీసుకోరు. వాళ్లడిగిన మొదటి ప్రశ్న 'గడియారం నడుస్తోందా?' అని. నడుస్తోందంటే, 'మేం చెప్పేదాకా ఆట తెరవొద్దు. బయల్దేరుతున్నాం, దూరం కాబట్టి రేపటికి గానీ రాలేం' అని జవాబు. అప్పుడు లేచి అన్నం తిన్నాడు.

ఎలగొచ్చినావు?

మర్నాడు సాయంత్రం వాణ్ని కళింగపట్నం తీసుకెళ్లాను. నేను బడికెళ్లిన ఊరు. వంశధార సముద్రంలో కలిసే చోటు. ఒకప్పుడు ఓడలు ఆగిన రేవు. ఇప్పుడు ఓడలు లేవు, దీపస్తంభం ఉంది. ఇసుక మీద వరసగా ఫైబరు పడవలు, వాటి నీడన వలలు. ఓ పడవ పక్కన కూర్చుని వల బాగుచేసుకుంటూ కనిపించాడు నా చిన్ననాటి స్నేహితుడి తండ్రి. నేను బాబాయ్ అంటాను. వేట మానేసి చాలా ఏళ్లయింది, వల మాత్రం చేతిలోంచి దిగలేదు.

'ఏటి బావూ, ఎప్పుడొచ్చినావు? ఈ గుంటడు నీ కొడుకేనా?'

మాటల్లోనే చీకటి పడింది. పుష్యమాసపు ఆకాశం. నడినెత్తిన పిల్లలకోడి గుంపు మిలమిలా మెరుస్తోంది. బాబాయ్ దాన్ని చూపిస్తే మావాడికి ప్రాణం లేచొచ్చింది.

'తాతా, నేనక్కడికి వెళ్లాను! ఆ గుంపులో మాయా అనే చుక్క ఉంది. దాని దాకా వెళ్లాను.'

అసలు చుక్కలను ఆ ఆటలో వాటి చోట్లలోనే పెట్టారు కాబట్టి, వాడి లెక్కలో అది అబద్ధం కాదు. నేను ఆట సంగతి వివరించబోయాను. బాబాయ్ చెయ్యెత్తి ఆపాడు. ఎలా వెళ్లావని అడుగుతాడనుకున్నా. అడగలేదు.

'ఎలగొచ్చినావు మరి?' అన్నాడు.

మావాడు తెల్లబోయి, రాత్రి జరిగిందంతా చెప్పాడు. 'ఇంకొక్కటి, ఇంకొక్కటి' అనుకున్న దగ్గరికొచ్చేసరికి ముసలాయన వల పక్కన పెట్టేశాడు.

'మాకూ అదే అయినాది నాయనా' అంటూ మొదలెట్టాడు. ఇరవై ఏళ్ల పైమాటే. చలికాలం. అయిదుగురు వేటకెళ్లారు. 'సేపలు దొరకనేదు. ఇంకొంచెం, ఇంకొంచెం అని లోపలికి ఎల్లిపోనాం. తిరిగొచ్చేతప్పుడు గాలి ఎదురు తిరిగింది. ఉన్న డీజిలంతా ఇంజను తాగీసింది. గట్టు అవుపడకముందే ఆగిపోనాది.'

మన తీరంలో చలికాలం సముద్రపు నీటి పారుదల దక్షిణానికి ఉంటుంది. మాఘం దాటాక ఉత్తరానికి తిరుగుతుంది. పడవ ఆ పారుదలలో పడింది. రెండు రాత్రులు, మధ్యలో ఒక పగలు. సీసా మూతతో కొలుచుకుని మంచినీళ్లు తాగారు, మనిషికో మూత. రాత్రిళ్లు ధ్రువనక్షత్రాన్ని చూసి, 'అది ఉత్తరం కాబట్టి గట్టు ఇటు' అని తెడ్లు వేశారు. రెండో రాత్రి తెల్లవారుజామున దూరంగా ఓ దీపం. వెలిగింది, ఆరింది. మళ్లీ వెలిగింది.

'కళింగపట్నమే అనుకున్నాం. లెక్కెట్టి సూస్తే మన దీపం తీరు కాదది. చింతపల్లిది! ఒకడు తెడ్డట్టుకుని ఎల్లిపోదారని గోల. నాను వద్దన్నాను. అక్కడ రాల్లుంటాయి. తెల్లారేదాకా కదలనేదు.'

తెల్లారాక ఆ ఊరి పడవలవాళ్లు వీళ్లు ఊపుతున్న లుంగీ చూసి వచ్చి తాడు కట్టి లాక్కెళ్లారు. కళింగపట్నం నుంచి ఆ చోటు తిన్నగా చూసినా యాభై కిలోమీటర్ల పైనే.

'మీరు కూడా ఎవరికైనా చెప్పాల్సింది కదా తాతా?' అన్నాడు మావాడు.

'ఏటితో సెప్తాం? మేం బతికున్నామని సెప్పడానికే దారి నేదు. నీ ఆటంటే మూసీసినావు. సముద్రంలో మూసీడానికి ఏటుంది?'

కాసేపు ఎవరం మాట్లాడలేదు. వెళ్లొస్తామని లేస్తుంటే బాబాయ్ వాడి భుజం మీద చెయ్యేసి, 'ఇంద, ఇది గురుతెట్టుకో. నూనె మూడు వంతులు. ఒక వంతు ఎల్లడానికి, ఒక వంతు రావడానికి. మూడోది గాలికి. దాన్ని ముట్టుకోకు' అన్నాడు.

నీళ్ల మీద గీత

మర్నాడు పొద్దున్న ఎచ్చెర్ల మండలం వైపు, డి.మత్స్యలేశం వెళ్లాం. శ్రీకాకుళానికి దగ్గరే. పండగ పూట ఇంటింటా ముగ్గులు, కొత్త బట్టలు. కానీ ఈ ఊళ్లలో అందరూ ఒక్కసారి ఇంట్లో ఉండటం అరుదు. రాష్ట్రంలో పొడవైన తీరాల్లో శ్రీకాకుళం జిల్లాది ఒకటి. 193 కిలోమీటర్లంటారు. అంత సముద్రం ముందున్నా పెద్ద పడవలు నిలిపే సరైన రేవుల్లేక మగవాళ్లు గుజరాత్‌లోని వెరావల్ దాకా వలసపోయి అక్కడి బోట్లలో పనిచేస్తారు.

అలా వెళ్లిన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులు 2018 నవంబరు చివర్లో పాకిస్థాన్ జలాల్లోకి వచ్చారంటూ ఆ దేశపువాళ్లకు పట్టుబడ్డారు. కరాచీ జైల్లో పెట్టారు. పదమూడు నెలల పైన! 2020 జనవరిలో ఇరవైమంది వాఘా సరిహద్దు దాటి వచ్చేదాకా ఇక్కడి ఇళ్లలో దీపం వెలిగిందే గానీ పండగ లేదు. 2025లో వచ్చిన 'తండేల్' సినిమాకు మూలం ఈ కథే. తండేల్ అంటే బోటును నడిపించే నాయకుడు.

'సముద్రం మీద గీత ఉండదు కదా, ఎలా తెలుస్తుంది?' అన్నాడు మావాడు. 'మా ఆటలో అయితే నేనెక్కడున్నానో అంగుళం అంగుళం చూపిస్తుంది.'

జీపీఎస్ ఉన్న బోట్లూ ఉంటాయి. కానీ చేపకు సరిహద్దు లేదు, వల వేసినవాడి చూపు చేప మీదుంటుంది. ఇప్పుడు ఇస్రో తయారుచేసిన ఆపద సంకేతాల పరికరం కూడా ఉంది. నడిసముద్రంలో మీట నొక్కితే ఉపగ్రహం ద్వారా తీరరక్షక దళానికి కబురు చేరుతుంది. కొత్త రకంలో అయితే 'మీ కబురు అందింది' అని పడవకు తిరిగి జవాబు వస్తుంది. ఆ మాట చెప్పగానే మావాడు టక్కున ఆగి, 'రాత్రి నాకూ ముందు అదే వచ్చింది నాన్నా. ఇంధనం రాలేదు. కానీ అది చూశాకే భయం తగ్గింది' అన్నాడు.

ఆ సాయంత్రం ఎలుకల దళం వచ్చింది. ఆట తెరవమన్నారు. నా ఫోన్ ఇంటర్నెట్టే ఆధారం, అది తెగకూడదని నేనూ మా అమ్మా దేవుణ్ని తలుచుకున్నాం. గడియారం నాలుగు నిమిషాల దగ్గర నడవడం మొదలైంది. నల్లటి తెర మీద మూడు చిన్న వెలుగులు దగ్గరికొచ్చాయి. చిన్న చిన్న యంత్రాలు ఇంధనం మోసుకొచ్చి పోశాయి. ఓడలో దీపాలు వెలిగాయి. మావాడి కేకకు పక్కింటివాళ్లు పరుగెత్తుకొచ్చారు.

చింతపల్లి దీపం

కనుమ మర్నాడు తిరుగు ప్రయాణం. విశాఖలో రైలు. జాతీయ రహదారి మీద విజయనగరం జిల్లా పూసపాటిరేగ దగ్గర కారు ఎడమకు తిప్పించాడు మావాడే. చింతపల్లి చూడాలట.

దారంతా వాడి గండాల చిట్టా విప్పాడు. ఓసారి రెండు నక్షత్రాలు అంటుకున్నట్టున్న చోటికి దూకి, రెంటి మధ్యా ఓడ సెగకు కాలిపోతుంటే ఎలాగో బయటపడ్డాడట. ఇంకోసారి ఓ గ్రహం నున్నగా కనిపిస్తే దిగబోయాడు. దాని ఆకర్షణ భూమికి ఆరు రెట్లు! చూసుకోలేదు. ఓడ రాయిలా పడి ముక్కలైంది. 'అది పటంలో రాసే ఉంది నాన్నా. నేనే చదవలేదు.'

చింతపల్లి తీరంలో గాలి హోరు. గుట్ట మీద దీపస్తంభం. భీమిలి రేవుకు వచ్చే ఓడలను నీటి అడుగున ఉన్న రాళ్ల గురించి హెచ్చరించడానికి 1847లోనే ఇక్కడ దీపం పెట్టారు. ఆ రాళ్లు తీరానికి కొన్ని మైళ్ల లోపల సముద్రంలో ఉన్నాయి. పైకి చూస్తే ఏమీ తెలియదు, అంతా ఒకేలాంటి నీలం. పగలు కావడంతో దీపం వెలగడం లేదు. మావాడు మాత్రం దాన్నీ, సముద్రాన్నీ మార్చి మార్చి చూస్తూ నిలబడ్డాడు.

'తాత ఇక్కడ తెల్లారేదాకా ఎలా ఆగాడు నాన్నా? దీపం కనిపిస్తూనే ఉంది కదా. నేనైతే వెళ్లిపోయేవాణ్ని.'

నేనూ అంతే. ఆ మాట వాడికి చెప్పాను.

విశాఖ స్టేషన్‌కు రైలు టైముకు గంట ముందే చేరాం. సామాన్లు కాళ్ల దగ్గర పెట్టుకుని, నాకు ఫోన్ చూసుకోవడం తప్ప పని లేదు. మావాడు లాప్‌టాప్ తెరవలేదు. కాసేపు పట్టాల వైపు చూసి అడిగాడు.

'ఈ గంట గాలికా నాన్నా?'